తాత గురి

ముప్పై ఏడు రోజులు ఉప్పునీటి మీద ఊగి ఊగి, ముప్పై ఎనిమిదో నాటి సాయంకాలానికి నూకాలవ్వ పడవ పగడాల దిబ్బకు తగిలింది. కంచరి మాచన ఒడ్డున కాలు పెట్టగానే తూలి ఇసుకలో కూలబడ్డాడు. ఇన్నాళ్లకు కాళ్ల కింద నేల కదలకుండా ఉండడం అతనికి కొత్తగా ఉంది.

ఆ దిబ్బ అందం చెప్పుకోవాలంటే పొద్దు చాలదు. ఒడ్డు పొడవునా ఎర్రెర్రని పగడాల కొమ్మలు, ఆ కొమ్మల సందుల్లో వెండి చేపలు, నీలి పీతలు, ముత్యాలు మింగి కదలలేక పడివున్న ఆల్చిప్పలు. లోపలికి పోతే పసుపు పూల పొదలు, ఆ పొదల మీద గుంపులు గుంపులుగా ఏడురంగుల సీతాకోకచిలుకలు, వాటన్నిటి నడుమ పళ్లెంలా పరుచుకున్న తెల్లని పాలరాతి బండ. పొద్దుగూకే ఎరుపు ఆ బండ మీద పడి, పెళ్లిపీట మీద పారాణి ఒలికినట్టుంది. ఇంత శోభ ఎదురుగా ఉంటే మాచన దాని వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. అతని ధ్యాసంతా నడుముకు కట్టుకున్న పట్టుగుడ్డ మీదే ఉంది.

ఆ గుడ్డలో అతని పెళ్లాం ఉంది.

వినడానికి వింతగా ఉన్నా జరిగింది అదే. ఉత్తరాన మంచుకొండల రాజ్యమైన తుహినపురంలో రాజకుమారి ఉయ్యాల ఊగుతుండగా, ఉగ్రజటి అనే మాంత్రికుడు గాలిలోంచి దిగి ఆమె మీదికి గుప్పెడు నల్లపొగ విసిరాడు. చెలికత్తె పిన్నమ అడ్డం దూకింది. పొగ విడిపోయేసరికి రాజకుమారి ఉయ్యాల మీద క్షేమంగా ఉంది. పిన్నమ ఉన్నచోట జానెడు రాతిబొమ్మ పడి ఉంది. కోటలో అందరూ హమ్మయ్య అనుకున్నారు. పిన్నమ మొగుణ్ణి పిలిచి పట్టుపంచె పెట్టి పంపేశారు. రాజుల కృతజ్ఞతకు పంచె పొడవే హద్దు!

బొమ్మలో ఇంకా ప్రాణం ఉందని కొండగుహలోని యోగిని చెప్పింది. దక్షిణ దిక్కున, తుహినపురపు ఆకాశంలో ఏనాడూ పొడవని అమృతతార అనే చుక్క ఉందట. దాని వెలుగు నేత్రనాళంలోంచి దిగి బొమ్మ నుదుటి మీద ఒక్క జాము పాటు, రెప్పపాటైనా తొలగకుండా నిలిస్తే పిన్నమ మళ్లీ మనిషవుతుంది. మూడో అమావాస్య రాత్రి దాటితే మాత్రం రాయి రాయే. ప్రాణానికి గుర్తు వెచ్చదనం. మొదట్లో బొమ్మ ఒళ్లంతా వెచ్చగా ఉండేది. రోజుకింత చల్లారుతూ వచ్చి ఇప్పుడు మెడ నుంచి పైకే మిగిలింది. మాచన గడియకోసారి బొటనవేలితో తడిమి చూసుకుంటున్నాడు. చూసుకోవడం తప్ప చేయగలిగింది లేదు. ఆ అమావాస్యకు ఇంకా నాలుగు రోజులుంది.

ఇక నేత్రనాళం అంటారా, అది మాచన తాత పోతపోసిన నిలువెత్తు కంచు గొట్టం. ఒక కొసన స్ఫటికపు బిళ్ల, రెండో కొసన బొమ్మో బొంగరమో నిలపడానికి చిన్న గూడు. చుక్కలు ఉన్నచోట ఉండవు కదా, ధ్రువుడి చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతుంటాయి. అందుకని ఆ తాత గొట్టాన్ని ఒక ఇరుసుకు బిగించి, ఆ ఇరుసు సూటిగా ధ్రువుణ్ణే చూసేటట్టు పీఠంలో ఒక కంచు వాలుదిమ్మను అమర్చాడు. పక్కన ధారకుండ. దానిలో నీరు బొట్టుబొట్టుగా కారేకొద్దీ లోపలి బెండు దిగుతుంది, బెండుకు కట్టిన తాడు ఇరుసును తిప్పుతుంది, చుక్క ఎంత జరిగితే గొట్టమూ అంతే జరుగుతుంది. కుండ లోపల గడియకొకటి చొప్పున ఏడున్నర గీతలు. నీరు చివరి గీతకు దిగితే జాము గడిచినట్టు.

ఆ వాలుదిమ్మ మీద లక్కముద్ర ఉంది. గురి కుదిరిన రోజున తాత రాజుగారి చేత వేయించిన ముద్ర అది. మాచన వంశంలో ప్రతి మగవాడూ సుత్తి పట్టేముందు దిమ్మ మీద చెయ్యి పెట్టి, 'తాత గురి తప్పించను' అని ఒట్టు వేయాలి. మూడు తరాలుగా దానికి పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, పండగలకు బెల్లం పెట్టారు, కదిలించడం మాత్రం ఎరగరు. ముద్ర పగలగొట్టిన వాడి కుడిచెయ్యి నరకాలని రాజశాసనం. ఆ పని చూసుకోవడానికే ఆస్థాన దైవజ్ఞుడు త్రివిక్రమభట్టును వెంట పంపారు. ఒక చంకలో పంచాంగపు తాటాకుల కట్ట, ఇంకో చంకలో కత్తి పెట్టుకుని, దారి పొడవునా సముద్రానికి వాంతులు సమర్పించుకుంటూ వచ్చాడాయన.

మసక పడగానే పాలరాతి బండ మీద పీఠం నిలబెట్టారు. ఇరుసును ఉత్తరానికి తిప్పారు. దక్షిణాన నీటి అంచుకు కాస్త పైన అమృతతార తెల్లగా పొడిచింది. మాచన బొమ్మను గూటిలో నిలిపి, గొట్టాన్ని తారకు గురిచేసి, ధారకుండ బిరడా తీశాడు. నువ్వుగింజంత వెలుగు పిన్నమ నుదుటి మీద పడింది. బూడిదరంగు రాయి కాస్తా అక్కడ తేనెరంగుకు తిరిగింది.

"పిన్నమా!" అన్నాడు మాచన.

పిలుపు నోట్లో ఉండగానే వెలుగు కనుబొమ మీదికి జారింది. అక్కణ్ణించి రెప్ప మీదికి, చెంప మీదికి, చెవి మీదికి. మాచన గాభరాగా గొట్టాన్ని చేత్తో నెట్టాడు. నెట్టిన ఊపుకు వెలుగు గూటిని దాటిపోయింది. వెనక్కి తెచ్చాడు, మళ్లీ జారింది. అరగడియ కూడా నిలవలేదు. ఒకసారి తొలగితే ఇక ఆ రాత్రికి అంతేనని యోగిని ముందే చెప్పింది. నుదుటి మీది తేనెరంగు మెల్లగా మాసి బూడిదరంగు తేలుతుంటే, ఆపే దారి తెలియక మాచన చూస్తూ నిలబడ్డాడు.

కుండ బెజ్జం పూడిందేమోనని చూశాడు. పూడలేదు. ఇరుసుకు చిలుము పట్టిందేమోనని తడిమాడు. వెన్నలా తిరుగుతోంది.

"పొద్దున్న ఎండుచేప తిన్నావు చూడు, అదీ ముప్పు!" అన్నాడు భట్టుగారు. "నీచు తిన్న చేతికి ఏ తార నిలుస్తుందిరా?"

"పంతులుగోరూ, సేపని ఆడిపోసుకోకండి. దాని తప్పేటీ నేదు," అంది నూకాలవ్వ. పడవకు సరంగు ఆవిడే. అరవై ఏళ్ల మనిషి, నోట్లో అడ్డపొగ చుట్ట, చేతుల నిండా తాళ్లు కోసిన మచ్చలు. అప్పటిదాకా బండ కొసన కూర్చుని వినోదం చూసినట్టు చూసింది. "బావూ, ఆ ఇరుసు ఎటు సూస్తంది?"

"ధ్రువుడి వైపవ్వా."

"ఓపాలి కన్నెట్టి సూడు."

మాచన ఇరుసు వెంట కన్ను పెట్టి చూశాడు. అది చూపించిన చోట ఏవో ఊరూపేరూ లేని చుక్కలున్నాయి. ధ్రువుడి కోసం కిందికి వెతికాడు, ఇంకా కిందికి వెతికాడు. చివరికి అలల అంచుకు కాస్తంత పైన కనిపించాడు ధ్రువుడు, మబ్బు తునక చాటున.

నూకాలవ్వ చెయ్యి బారజాపి, పిడికిలి బిగించి, నీటి అంచు మీద ఆనించి చూపింది. "మిమ్మల్ని ఎక్కించుకున్న రేవులో ఆయన నాలుగు పిడికిళ్ల ఎత్తున ఉన్నాడు. పన్నెండు దినాలకోటి సొప్పున తగ్గినాడు. ఇక్కడ ఒకటే పిడికిలి. ఎంత దూరం వొచ్చినామో మాకు ఆయనే గదా సెప్తాడు. మా వోళ్లలో సిన్న పిల్లకి కూడా తెల్సిన సంగతే ఇది."

"అపచారం! అపచారం!" భట్టుగారు చెవులు మూసుకున్నాడు. "ధ్రువుడంటేనే కదలనివాడు. సాక్షాత్తు విష్ణుమూర్తి ఇచ్చిన పదవి. అందులోంచి దిగుతాడా? పీఠం సరిగ్గానే ఉంది. ఈ ఆకాశమే తప్పు. ఇది ఉగ్రజటి పరిచిన మాయాకాశం!"

"అలగైతే ఆకాశాన్ని మీరే దిద్దీసుకోండి," అని అవ్వ మాచన వైపు తిరిగింది. "ఆయన కదల్నేదు నాయనా. నువ్వు కదిలినావు."

ఆ మాట మాచన గుండెలో మేకులా దిగింది. తుహినపురంలో మూడు తరాలుగా పీఠం కదలలేదు, కాబట్టి గురీ కదలలేదు. తాత తప్పు చేయలేదు. ఆయన పెట్టింది తుహినపురపు గురి. దాన్ని దేవుడిలా మూటగట్టి, ఇన్ని పగళ్లు మోసుకొచ్చి, ఇక్కడా చెల్లుతుందనుకోవడమే బుద్ధితక్కువ. ఆ రాత్రి అతను నిద్రపోలేదు. తెల్లవారుజామున బొమ్మను తడిమితే మెడ చల్లగా తగిలింది. చెంపలు మాత్రం ఇంకా వెచ్చగా ఉన్నాయి.

పొద్దు పొడవగానే ఉలి, సుత్తి తీసి దిమ్మ ముందు కూర్చున్నాడు. చెయ్యి లేవలేదు. ఒట్టు వేసిన నాడు తండ్రి తన నెత్తి మీద పెట్టిన చెయ్యి బరువు గుర్తొచ్చింది. భట్టుగారు కత్తి దూసి ఎదురుగా కూర్చున్నాడు. కత్తి కంటే ఆయనే ఎక్కువ వణుకుతున్నాడు.

"వద్దురా మాచనా, నా మాట విను. నాకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ నేనూ ఒట్టు పెట్టే వచ్చాను."

"పనయ్యాక నరుకుదురుగాని అయ్యవారూ. అందాకా ఈ చేత్తో పనుంది," అని మాచన కళ్లు మూసుకుని ఒక్క దెబ్బ వేశాడు. తాతల నాటి లక్క పెటుక్కున పగిలి ముక్కలైంది.

సరిగ్గా ఆ క్షణాన ఆకాశం నల్లబడింది. మబ్బు కాదు, ఉగ్రజటి పెంపుడు కొంగలు! ఒక్కొక్కటి ఎడ్లబండంత ఉంది. ఇనుప ముక్కులు కటకటలాడుతున్నాయి, రెక్కల గాలికి పూలపొదలు వేళ్లతో సహా లేచిపోతున్నాయి. మాచన బొమ్మను నడుముకు చుట్టి, గొట్టాన్ని భుజాన వేసుకుని పరుగుతీశాడు. భట్టుగారు ధారకుండతో సహా పీఠం ఎత్తుకున్నాడంటే నమ్మండి! ప్రాణభయం ఎంత బరువైనా మోయిస్తుంది. పడవ ఎక్కారో లేదో ఒక కొంగ తెరచాపను పాత గుడ్డలా చింపేసింది, ఇంకొకటి తెరకొయ్యను పుల్లలా విరిచింది, అన్నిటికన్నా పెద్దది మాచన నడుముకున్న బొమ్మకేసి ముక్కు చాచింది.

నూకాలవ్వ చుట్ట ఉమ్మేసి, సొరచేపల వల తీసి దాని మీద విసిరింది. వల కొస పడవ ముక్కుకు కట్టి ఉంది. రెక్కలు చిక్కుకున్న పెద్దకొంగ బెదిరి కూతపెట్టి లేచింది. లేచి ఊరుకుందా, పడవను లాక్కుంటూ తిన్నగా దక్షిణానికి పారిపోసాగింది! మిగిలిన కొంగలు వెంటపడి వెంటపడి అలిసి వెనకబడ్డాయి. పడవ అల తర్వాత అల మీద దూకుతూ, సగం నీటిలో, సగం గాలిలో పరుగెత్తింది. ఎదురైన సుడిగుండం మీదుగా ఎగిరింది, నిప్పులు కక్కే దీవి పక్కనుంచి దూసుకుపోయింది. భట్టుగారు పగిలిన లక్కముక్కలను ఉత్తరీయంలో మూటగట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు మబ్బు విడలేదు, కొంగ ఆగలేదు. ఎటు పోతున్నారో, ఎంత దూరం పోయారో ఎవరికీ తెలియదు. నాలుగో తెల్లవారుజామున వల తాడు తెగింది. పడవ ఒక నల్లటి దిబ్బకు తగిలి ఆగింది.

ఆ రోజే అమావాస్య.

ఆ దిబ్బ మీద చెట్టు లేదు, చేమ లేదు, పిట్ట రెట్ట కూడా లేదు. నున్నగా, గుండ్రంగా, పెద్ద మూకుడు బోర్లించినట్టుంది. పొద్దు పొడవకముందే మబ్బు విడితే మాచన ఉత్తరం వైపు చూశాడు. నూకాలవ్వ పిడికిలి చాచి చూసింది. పిడికిలి దించి రెండు వేళ్లు చాచింది. వేళ్లూ దించేసింది. ధ్రువుడు లేడు. సముద్రం కిందికి దిగిపోయాడు.

"నా పిడికిలికి అందనేదు బావూ," అంది. ఆవిడ గొంతులో బెదురు వినడం మాచనకు అదే మొదలు. "ఇంత దూరం మా తాతలు కూడా రానేదు. ఇక నానేటి సెప్పను?"

మాచన బొమ్మను తడిమాడు. చెంపలు పోయాయి. నుదుటి నడుమ కందిబద్దంత మేర వెచ్చగా ఉంది. పదేళ్లు కాపురం చేసిన మనిషి కందిబద్దంతగా మిగిలింది. ముద్ర పగలగొట్టాడు, ఒట్టు తప్పాడు, ఇప్పుడు దిమ్మను ఎటు కదపాలో చెప్పేవాడు ఆకాశంలోనే లేడు. అతను పీఠం పక్కన కూర్చుని పెద్దగా ఏడ్చాడు. సిగ్గుపడలేదు.

ఎండ ఎక్కింది. పొద్దు నడినెత్తికి వస్తుండగా భట్టుగారు కెవ్వున అరిచాడు.

"ఒరేయ్ మాచనా! నా నీడ చూడరా! దక్షిణానికి పడుతోంది!"

నిజమే. పుట్టి బుద్ధెరిగాక వాళ్ల ఊళ్లో మిట్టమధ్యాహ్నపు నీడ ఉత్తరానికి తప్ప పడి ఎరగదు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం పక్కన నిలబడి ఉన్నాడు. భట్టుగారు గుండెలు బాదుకుంటూ పంచాంగం విప్పి ఆకు మీద ఆకు తిరగేశాడు.

"ఇవాళ విషువత్తు. పగలూ రాత్రీ సమానం. సూర్యుడు ఆకాశపు నడుం మీద, ధ్రువుడికి సరిగ్గా మూలమట్టంగా, నేలకు గోడ నిలిచినట్టు ఉంటాడని శాస్త్రం ఘోషిస్తోంది. అలాంటి రోజున ఇదేం ఘోరంరా!"

"ఏమన్నారు?" మాచన దిగ్గున లేచాడు. "ధ్రువుడికి మూలమట్టంగానా?"

"నేను కాదు, శాస్త్రం అంది."

"ఆ శాస్త్రం కాళ్లు మొక్కుతాను!" అన్నాడు మాచన. లెక్కలు రాకపోయినా మూలమట్టం తెలియని కంచరి ఉండడు. ధ్రువుడు నీటికింద ఉంటేనేం, సూర్యుడు కళ్లెదుటే ఉన్నాడు! ఇరుసు మీద మూలమట్టంగా ఒక శీల నిలబెట్టాడు. పక్కన తెడ్డు నిలబెట్టి దాని నీడ కొసలు గుర్తుపెడుతూ వచ్చాడు. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణాన, అదే నడిపొద్దు అనుకుని, ఇరుసును ఆ నీడ గీత వెంట పరిచి, శీల నీడ మాయమయ్యేదాకా దిమ్మను జరిపాడు. శీల సూర్యుడికేసి సూటిగా నిలిచింది. ఇక ఇరుసు ఎటు చూస్తే అటే ధ్రువుడు. దాని ఉత్తరపు కొస నీటికేసి వంగింది, దక్షిణపు కొస పైకి లేచింది. తాత చూస్తే అక్కడికక్కడే మూర్ఛపోయేవాడు.

"పంతులుగోరూ పనికొచ్చినారు!" అని నూకాలవ్వ మెచ్చుకుని, పడవకు పడ్డ చిల్లులు పూడ్చుకోవడానికి ఒడ్డుకు దిగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అతుకు పెట్టి లక్క పోయకుండా వదిలిన కంచరికి అన్నం దొరకదని వాళ్ల కులంలో మాట. ఒట్టు తప్పిన మాచనకు ఈ ఒక్క ఆచారమైనా దక్కించుకోవాలనిపించింది. విరిగిన తెరకొయ్య ముక్కలతో దిబ్బ మీదనే మంట పేర్చి, బొగ్గులు చేసి, కుంపటి రగిలించి లక్క కరిగించాడు. భట్టుగారు దాచుకున్న పాత ముక్కలే కరిగాయి. దిమ్మ చుట్టూ దట్టంగా పోసి, దాని మీద తన బొటనవేలు ఒత్తాడు. గురి కుదిరింది కదా, ఇక కదలకూడదని. తాత చేసిన పనే మనవడూ చేశాడు. కుంపటి సాయంకాలం దాకా ఆ నల్లనేలను కాలుస్తూనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

చీకటి పడింది. అమృతతార ఇప్పుడు ఆకాశంలో బాగా ఎత్తున ఉంది, చేతిదీపంలా మెరుస్తోంది. గొట్టం తోకన ఉన్న గూడు మాచన కంటి ఎత్తుకు వచ్చింది. బొమ్మను అందులో నిలిపి బిరడా తీశాడు. వెలుగు నుదుటి మీద పడింది. మాచన ఊపిరి బిగబట్టాడు.

వెలుగు కదలలేదు.

మొదటి గీత దిగింది. నుదురు తేనెరంగైంది. రెండో గీతకు కనుబొమలు నల్లబడ్డాయి. మూడో గీతకు చెంపలు ఎరుపెక్కాయి. భట్టుగారు శ్లోకాలు మరిచిపోయి నోరు తెరుచుకు చూస్తున్నాడు. నాలుగు, అయిదు. పెదవుల మీద తడి మెరిసింది. ఆరో గీతకు ముక్కుపుటాలు అదిరాయి. ఆ ఊపిరి తన వేలికి తగిలి మాచన కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఇంకొక్క గడియన్నర!

కాళ్ల కింద నేల ఒకసారి ఉబ్బి దిగింది.

"బావో!" ఒడ్డు నుంచి నూకాలవ్వ కేక. "దిగిపోండి! అది దిబ్బ కాదు! తాబేలు, తాబేలు!"

దూరాన దక్షిణపు నీటిలోంచి తాటిచెట్టంత మెడ లేచింది. ఎన్నేళ్లుగా నిద్రపోతోందో, వీపు మీద కుంపటి సెగ తగిలి లేచింది. పడవ కట్టుతాడు ఫట్టున తెగింది. తాబేలు నాలుగు రెక్కలూ ఒక్కసారి విదిలించి, తిన్నగా దక్షిణానికి ఈదడం మొదలుపెట్టింది. కొంగ వేగం దీని ముందు ఒక వేగమా!

"దూకండి బావూ! నాను అందుకుంటాను!" నూకాలవ్వ అరుస్తూనే ఉంది. పడవ వెనక్కి, ఇంకా వెనక్కి పోతోంది.

మాచన గూటి వైపు చూశాడు. దూకితే వెలుగు తొలగుతుంది. తొలగితే ఈ అమావాస్యతో సరి. దూకలేదు. అవ్వ కేక సన్నబడి, తర్వాత వినిపించలేదు.

"మీరైనా దూకాల్సింది అయ్యవారూ."

"నేను నరకవలసిన చెయ్యి ఇక్కడుంటే నేనెక్కడికి పోతానురా?" అన్నాడు భట్టుగారు పీఠం కాలును కావిలించుకుని.

అప్పుడు చూశాడు మాచన. వెలుగు నుదుటి నడుమ నుంచి అంచుకు జరుగుతోంది. దక్షిణానికి పోయేకొద్దీ గురి మారుతుంది కదా! నూకాలవ్వ పడవ పన్నెండు రోజుల్లో దాటే దూరాన్ని ఈ తాబేలు గడియల్లో దాటుతోంది. నిమిషానికో ఊరు, ఊరికో గురి. దిమ్మేమో తను పోసిన లక్కలో బిగిసి ఉంది. తనను తానే తిట్టుకుంటూ సుత్తి ఎత్తి, గట్టిపడ్డ లక్కను చితగ్గొట్టాడు. పీఠం అదిరితే వెలుగు కనుబొమ అంచు దాకా పోయి నిలిచింది. దక్షిణపు కొసను వెంట్రుకవాసి ఎత్తాలి. కింద పెట్టడానికి ఏదైనా పలచటిది కావాలి. చుట్టూ నున్నటి చిప్ప తప్ప ఏమీ లేదు.

"ఆకు! పంచాంగం ఆకు ఇవ్వండి!"

"నా పంచాంగమా!" భట్టుగారు కట్టను గుండెకు హత్తుకున్నాడు. అయినా ఒక తాటాకు లాగి ఇచ్చాడు. మాచన దాన్ని దిమ్మ కింద దూర్చాడు. వెలుగు వెనక్కి వచ్చింది. పది గుటకలు మింగేంతలో మళ్లీ జరిగింది. "ఇంకొకటి!" చైత్రం పోయింది. వైశాఖం పోయింది. జ్యేష్ఠం, ఆషాఢం ఆకు వెంట ఆకు దిమ్మ కిందికి పోయాయి. కార్తికం దగ్గరికి వచ్చేసరికి భట్టుగారు ఏడుపు కూడా మానేసి ఆకులు ముందే తీసి పట్టుకున్నాడు. కుండలో ఏడో గీత దిగింది. ఇంకో అరగడియ ఉంది.

తాబేలు ఈత ఆపింది. ఆగి, మెడ వంచి, వీపు మంట చల్లార్చుకోవడానికి నీళ్లలోకి దిగసాగింది.

నీరు పాదాల మీదికి వచ్చింది, పిక్కలకు వచ్చింది. కుంపటి చుయ్యిమని ఆరిపోయింది. నీరు నడుముకు వచ్చేసరికి ధారకుండ మునిగింది. బొట్టు ఆగింది, బెండు ఆగింది, తాడు వదులైంది. మాచన రెండు చేతులతో ఇరుసును పట్టుకున్నాడు. చుక్క ఎంత జరుగుతుందో అంతే తిప్పాలి, ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. వెనక భట్టుగారు నెత్తిన చేతులు పెట్టుకుని, వచ్చిన మంత్రాలన్నీ కలిపి చదువుతున్నాడు. ఆయనకు గొంతు దాకా వచ్చింది నీరు.

గూటిలో పిన్నమ కళ్లు తెరిచింది. మెడ దాకా మనిషి, మెడ కింద రాయి. కాసేపు ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత మొగుడి ఛాతీ దాటి పైకి వస్తున్న నల్లటి నీటిని చూసింది.

"ఏమయ్యా," అంది సన్నటి గొంతుతో, "నీకు ఈత రాదు గదయ్యా!" అంటూ గాభరాగా తల తిప్పబోయింది.

"కదలకే!" అన్నాడు మాచన. "నీకు పుణ్యముంటుంది, తల కదపకే. ఇంకొక్క అరగడియ."

పిన్నమ తల కదపలేదు. వెలుగు నుదుటి మీద నిలిచి ఉండగా, అతని గడ్డం తాకిన నీటిని చూస్తూ, రెప్పయినా వేయకుండా ఏడవసాగింది.